కుక్కపిల్ల ఇంటికొచ్చే ముందు: ఏం కొనాలి, ఎంత కొనాలి, ఏది కొనక్కర్లేదు

"వచ్చే ఆదివారం పిల్లని తెస్తున్నాం, ఏమేం కొని పెట్టుకోవాలి?" బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జైపూర్, దక్షిణ ఒడిశాలో ఎక్కడివాళ్ళు అడిగినా ప్రశ్న ఇదే. కనీసం పది రోజుల ముందు మొదలుపెడితే జవాబు తేలిక. కుక్కల సామాను మొత్తం ఒకేచోట దొరకాలంటే మనవైపు బరంపురమో, విశాఖపట్నమో వెళ్ళాలి. చిన్న ఊళ్ళలో మందుల షాపులో ఉన్నదీ, ఫ్యాన్సీ కొట్లో ఉన్నదీ పట్టుకొస్తాం. అది మెడకి వదులు, నోటికి చిన్నది, కడుపుకి పడనిది అవుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించినా కొండ ఊళ్ళకి చేరేసరికి వారం పట్టొచ్చు.

అందుకని ముందు కొలత తీసుకోండి, తర్వాత కొట్టుకి వెళ్ళండి. ఎక్కువ కొనకండి. ఈరోజు కొన్న పట్టీ, పరుపు, బొమ్మ మూడు నెలలకే చిన్నవైపోతాయి. ఆ డబ్బు టీకాలకీ డాక్టరుకీ దాచండి.

కావలసినవి

తప్పనిసరి:
- స్టీలు గిన్నెలు రెండు, చీమలు రాకుండా అడుగున పెట్టే వెడల్పు పళ్ళెం ఒకటి
- పిల్లల తిండి ప్యాకెట్టు (పప్పీ రకం), గాలి చొరని డబ్బా
- నైలాన్ మెడపట్టీ, 4 నుంచి 5 అడుగుల తాడు, ఫోన్ నంబరు చెక్కిన బిళ్ళ
- ఉతకడానికి వీలైన పరుపు లేదా పాత దుప్పట్లు నాలుగు
- ఒక మూలని కట్టడి చేసే బోను లేదా అడ్డుగోడ
- పాత వార్తాపత్రికలు ఓ పది కిలోలు, తెల్ల వెనిగర్, హైపో ద్రావణం (సోడియం హైపోక్లోరైట్)
- నమిలే రబ్బరు వస్తువులు రెండు
- డిజిటల్ థర్మామీటరు, దూది, గాజు గుడ్డ, పోవిడోన్ అయోడిన్ (గాయాలకి రాసే మందు), సూది లేని 5 మి.లీ. సిరంజి

తర్వాత కొన్నా ఫర్వాలేనివి: షాంపూ, గోళ్ళ కత్తెర, హార్నెస్ (ఛాతీకి తొడిగే పట్టీ), దువ్వెన.

అసలు కొనక్కర్లేనివి: బట్టలు, బూట్లు, సెంటు, గజ్జెల పట్టీ, ఇనప గొలుసు, డాక్టరు రాయని కాల్షియం సిరప్పు.

1. పిల్ల వయసు, కొలతలు

సామాను కన్నా ముందు తేల్చుకోవాల్సింది వయసు. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. ముప్ఫై, ముప్ఫై అయిదు రోజుల పిల్లని "చిన్నప్పుడే తెస్తే బాగా అలవాటవుతుంది" అని అంటగట్టేవాళ్ళున్నారు. అలాంటి పిల్లకి తల్లిపాలూ అందవు, తోటిపిల్లలతో ఆడుతూ ఎంత గట్టిగా కొరకొచ్చో నేర్చుకునే కాలమూ పోతుంది.

వయసు పోల్చుకోవాలంటే పెదవి పైకెత్తి చూడండి. ఎనిమిది వారాల పిల్లకి ముందు చిన్న పళ్ళూ, కోరలూ, వెనక పళ్ళూ అన్నీ వచ్చి సూదుల్లా ఉంటాయి. మొత్తం పాలపళ్ళు 28. వెనక చిగురు ఇంకా నున్నగా ఉంటే వయసు తక్కువే. గట్టి తిండి తనంతట తాను తింటోందో లేదో మీ ఎదురుగా పెట్టించి చూడండి.

పిల్లని చూడ్డానికి వెళ్ళినప్పుడే దర్జీ టేపు తీసుకెళ్ళి నాలుగు కొలతలు రాసుకోండి: మెడ చుట్టూ, ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టూ, ముక్కు నుంచి తోక మొదలు దాకా, నేల నుంచి భుజం దాకా. టేపు లేకపోతే దారంతో కొలిచి ముడేసి తెచ్చుకోండి. పెంచినవాళ్ళని రెండు విషయాలు అడగండి: ఇప్పుడు ఏ తిండి, రోజుకి ఎన్నిసార్లు. తల్లి పడుకున్న గుడ్డ ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. దానికి డబ్బుండదు గానీ మొదటి రాత్రి అంత పనికొచ్చే వస్తువు ఇంకోటి లేదు.

2. మూల సిద్ధం చేయడం

ఇల్లంతా వదలకండి, ఒక మూల చాలు. మనుషులు కనబడే గది, ఎండ నేరుగా పడని చోటు, వంటింటికి కాస్త దూరం.

టైల్స్, మార్బుల్ నేలైతే కాళ్ళు జారతాయి. పెద్ద జాతి పిల్లలకి, ముఖ్యంగా లాబ్రడార్‌కి, రోజూ జారితే తుంటి కీళ్ళకి మంచిది కాదు. రబ్బరు మ్యాటు గానీ పాత యోగా మ్యాటు గానీ పరవండి. గచ్చు నేల, గరుకు సిమెంటు నేల అయితే ఈ ఖర్చు అక్కర్లేదు.

తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల ఎత్తునుంచి గది చూడండి. వేలాడే ఫోన్ ఛార్జరు తీగ, మంచం కింద ఎలుకల మందు, బీరువా దగ్గర కలరా ఉండలు, దోమల చుట్ట బూడిద, చెప్పులు అప్పుడే కంటపడతాయి. కలరా ఉండలు చాలామంది పట్టించుకోరు. ఒక్క ఉండ మింగినా చిన్న పిల్లకి ప్రమాదమే. పెరట్లో గన్నేరు ఉంటే అడ్డం కట్టండి, ఆకూ పువ్వూ అంతా విషం. మేడ మీద బాల్కనీ చువ్వల మధ్య పిల్ల తల పడుతుందా? పడితే దోమతెర వలో, ప్లాస్టిక్ జాలీయో బిగించండి.

ఇంట్లో ఇంతకుముందు పార్వో జబ్బుతో (వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు) కుక్క చనిపోయి ఉంటే ఈ దశ వదిలేయకండి. ఆ వైరస్ నీడ పట్టున ఏడాది పైనా బతుకుతుంది. ఫినాయిలు దాన్ని చంపదు. నేలని ముందు సబ్బు నీళ్ళతో కడిగి, 5 శాతం హైపో ద్రావణం 30 మి.లీ. లీటరు నీళ్ళలో కలిపి పోసి పది నిమిషాలు తడిగా ఉంచి, మంచినీళ్ళతో కడిగి ఆరనివ్వండి. హైపో దొరక్కపోతే తాజా బ్లీచింగ్ పౌడరు లీటరుకి ఒక టీస్పూను. మూత తీసి చాన్నాళ్ళయి వాసన పోయిన పౌడరు పనిచేయదు. ఇందులో యాసిడ్ గానీ, వెనిగర్ గానీ, వేరే క్లీనర్లు గానీ కలపొద్దు, విషవాయువు పుడుతుంది. పెరటి మట్టిని ఇలా శుభ్రం చేయలేం. కాబట్టి అలాంటి ఇంటికి టీకాలన్నీ పూర్తయిన పిల్లనే తెచ్చుకోండి.

3. పడక, బోను

సముద్రం వైపున్న బరంపురం, గోపాల్‌పూర్, ఛత్రపురాల్లో ఉక్కపోత. సెమిలిగుడ, సునాబెడ, పొట్టంగి వైపు శీతాకాలం వణికిస్తుంది. ఒకే పరుపు రెండుచోట్లా నప్పదు. తీరం వైపు పలచటి నూలు దుప్పటి మడతే మేలు. వానాకాలం నేల చెమ్మకి ఎత్తు మంచం లాంటి పడక బాగుంటుంది, ఎత్తు మాత్రం నాలుగైదు అంగుళాలు దాటకూడదు. కొండ ఊళ్ళలో కింద దళసరి దుప్పటి, పైన ఉన్ని గుడ్డ పరవండి. మరీ చలైతే సీసాలో వేడినీళ్ళు పోసి తువాలులో రెండు చుట్లు చుట్టి ఒక పక్కన పెట్టండి. పడక సగమే వెచ్చగా ఉండాలి. వేడనిపిస్తే పిల్ల అవతలికి జరగాలి కదా.

గోనెసంచి వద్దు. పీచు నోట్లోకి పోతుంది, నేతలో పిడుదులు దాక్కుంటాయి. స్పాంజి పరుపు కూడా ఆరు నెలలదాకా వద్దు, చింపి మింగుతుంది.

బోను కొంటే పెద్దయ్యాక పట్టేది కొని, మధ్యలో పలక అడ్డం పెట్టి ఇప్పటికి చిన్నది చేయండి. లాబ్రడార్‌కి 42 అంగుళాలు, నాటు కుక్కకి 36, పామేరియన్ లాంటి చిన్నవాటికి 24 అంగుళాల పొడవు సరిపోతుంది. పిల్ల లేచి నిలబడి, వెనక్కి తిరిగి, కాళ్ళు చాపి పడుకోగలిగినంత చోటు చాలు. ఇంకా ఎక్కువుంటే ఒక చివర పడుకుని ఇంకో చివర ఉచ్చ పోస్తుంది. బోనుకి డబ్బు పెట్టలేకపోతే గోడ మూలకి రెండు ప్లైవుడ్ ముక్కలు రెండడుగుల ఎత్తున అడ్డం పెట్టినా అదే పని. బోనులో ఉన్నప్పుడు మెడపట్టీ తీసేయండి, చువ్వకి తగులుకుంటే ఊపిరాడదు.

4. గిన్నెలు

స్టీలువే కొనండి. ప్లాస్టిక్‌ని కొరుకుతుంది, గీతల్లో జిడ్డు పట్టి గడ్డం కింద పొక్కులొస్తాయి. అడుగు వెడల్పుగా, అంచు పొట్టిగా, కింద రబ్బరు ఉన్న గిన్నె అయితే జరగదు. మీ ఇంట్లో పాత స్టీలు పళ్ళేలు ఉంటే కొత్తవి కొనక్కర్లేదు. నీళ్ళకి ఎండాకాలంలో మట్టి మూకుడు మంచిది. చల్లగా ఉంటుంది, బరువుకి బోర్లాపడదు. రోజూ నీళ్ళు పారబోసి లోపల చేత్తో రుద్ది కడగాలి, లేకపోతే పాచి పడుతుంది.

మన ఉక్క వాతావరణంలో తిండి గిన్నెకి అసలు శత్రువులు చీమలు. వెడల్పు పళ్ళెంలో అర అంగుళం నీళ్ళు పోసి మధ్యలో గిన్నె పెట్టండి. గిన్నె అంచు పళ్ళేనికి తగలకూడదు, తగిలితే చీమలకి వంతెన కట్టినట్టే. చీమల పొడి, చాక్‌పీసు గీత వేయకండి. పిల్ల నాకుతుంది.

5. తిండి

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి.

మొదటి పది రోజులూ పెంచినవాళ్ళు పెట్టిన తిండే పెట్టండి, అది మీకు నచ్చినా నచ్చకపోయినా. ఇల్లు మారింది, తల్లి లేదు, నీళ్ళు మారాయి. తిండి కూడా అదే రోజు మారిస్తే విరేచనాలు ఖాయం. తర్వాత మార్చాలంటే ఏడు రోజులు తీసుకోండి: రెండు రోజులు పాతది మూడొంతులు కొత్తది ఒక వంతు, తర్వాత మూడు రోజులు సగం సగం, ఆపైన రెండు రోజులు కొత్తది మూడొంతులు. మధ్యలో విరేచనం పలచగా అయితే ఒక మెట్టు వెనక్కి రండి.

ప్యాకెట్టు కొనేటప్పుడు వెనక్కి తిప్పి నాలుగు విషయాలు చూడండి. "పప్పీ" అని ఉండాలి, పెద్ద కుక్కల తిండి వద్దు. పెద్ద జాతి అయితే పెద్ద జాతి పిల్లలకి అని ఉండాలి. క్రూడ్ ప్రోటీన్ (మాంసకృత్తులు) 24 శాతానికి తగ్గకూడదు. గడువు తేదీకి కనీసం మూడు నెలలుండాలి. విడిగా తూకం వేసి అమ్మే తిండి వద్దు. ఎప్పుడు విప్పారో తెలీదు, కొవ్వు ముక్కిన వాసన వేస్తుంది, తేమకి బూజు పడుతుంది.

మొదటిసారి 3 కిలోలకి మించి కొనకండి. దాదాపు 5 కిలోల లాబ్రడార్ పిల్లకి రోజుకి 180 నుంచి 200 గ్రాములు, మూడున్నర కిలోల నాటుపిల్లకి 140 నుంచి 150 గ్రాములు పడుతుంది. అంటే 3 కిలోలు ఒకదానికి పదిహేను రోజులు, ఇంకోదానికి ఇరవై రోజులు. ప్రతి కంపెనీ తిండికీ బలం వేరు కాబట్టి ప్యాకెట్టు మీది పట్టికే చివరి మాట. ఆ పట్టికలో కొన్నిచోట్ల ఇప్పటి బరువూ, కొన్నిచోట్ల పెద్దయ్యాక ఉండబోయే బరువూ ఇస్తారు. ఏదో చూసుకుని చదవండి, లేకపోతే కొలత తారుమారవుతుంది.

గ్లాసుతో, గుప్పిటతో కొలవకండి. కిరాణా కొట్లో ఒకసారి 50 గ్రాములు తూయించి, ఇంట్లో ఒక కప్పులో పోసి, ఎంతదాకా వచ్చిందో మార్కరుతో గీత పెట్టుకోండి. ఇంట్లో ఎవరు పెట్టినా ఆ గీతే. రోజు తిండిని మూడు నెలలు నిండేదాకా నాలుగు పూటలు, ఆరు నెలలదాకా మూడు పూటలు, తర్వాత రెండు పూటలు చేయండి. గోరువెచ్చని నీళ్ళలో పదిహేను నిమిషాలు నానబెట్టి పెట్టి, ఇరవై నిమిషాల తర్వాత మిగిలింది తీసేయండి. నానిన తిండి ఉక్కకి గంటలోనే పులుస్తుంది.

ప్యాకెట్టులోంచి డబ్బాలోకి తిండి గుమ్మరించకండి. ప్యాకెట్టునే మూతి మడిచి క్లిప్పు పెట్టి, మొత్తాన్ని స్టీలు డబ్బాలో దించండి. ప్యాకెట్టు లోపలి పొర గాలి తగలకుండా చూస్తుంది, బ్యాచ్ నంబరు, తేదీ చేతిలో ఉంటాయి.

ఇంటి తిండే పెడదామనుకుంటే తప్పులేదు, కానీ అన్నం, పాలు మాత్రం పెడితే పిల్ల ఎదగదు. చాలా పిల్లలకి ఆవుపాలు అరగవు, జారుడు విరేచనం అవుతుంది. పఖాళ అన్నం (నీళ్ళలో నానబెట్టిన చద్దన్నం), పెరుగన్నం కడుపు నింపుతాయి గానీ మాంసకృత్తులు ఇవ్వవు. ఉడికించిన గుడ్డు, ఎముక లేని కోడిమాంసం రోజూ ఉండాలి, కాల్షియం ఎంత కలపాలో డాక్టరు చేత రాయించుకోవాలి. ప్యాకెట్టు తిండి పెడుతూ పైన కాల్షియం సిరప్పు పోయడం మాత్రం పెద్ద తప్పు. ఆ తిండిలో సరిపడా ఉంటుంది. పైన పోసింది పెద్ద జాతి పిల్లల ఎముకల ఎదుగుదలని చెడగొడుతుంది.

ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉడికిన కోడి ఎముక ముక్క కూడా వద్దు. తీరం వైపు ఇళ్ళలో ఎండుచేప తల విసరడం మామూలే. దాంట్లో ఉప్పు చిన్న పిల్ల తట్టుకోలేనంత ఉంటుంది.

తుపాను నెలల మాట కూడా ఇక్కడే చెప్పాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది. అలాంటప్పుడు దారులు, కరెంటు, కొట్లు రోజుల తరబడి ఉండవు. సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య పిల్లని తెస్తుంటే పదిహేను రోజుల తిండి అదనంగా, విప్పని ప్యాకెట్టులో ఉంచుకోండి.

6. మెడపట్టీ, తాడు

బల్లపరుపు నైలాన్ పట్టీ, వెడల్పు ఒకటి నుంచి ఒకటిన్నర సెంటీమీటర్లు, బిగించి వదులు చేసుకునే రకం. మెడ కొలతకి అయిదు సెంటీమీటర్లు కలిపి, ఆ సంఖ్య పట్టీ సర్దుబాటు పరిధిలో చిన్న చివర పడేలా కొనండి, అప్పుడు ఎదిగే చోటుంటుంది. తొడిగాక మీ రెండు వేళ్ళు పట్టీ కింద దూరాలి. మూడు దూరితే వదులు, తల జారిపోతుంది.

పిల్ల వారం వారం ఎదుగుతుంది. ప్రతి ఆదివారం రెండు వేళ్ళు పెట్టి చూడండి. దిష్టికి కట్టే నల్లతాడు విషయంలో ఇంకా జాగ్రత్త. ముడి వేసిన తాడు సాగదు, బొచ్చులో కనబడదు. నెల తిరిగేసరికి చర్మాన్ని కోసి పుండు చేస్తుంది, చీము వాసన వచ్చేదాకా ఎవరికీ తెలీదు. దిష్టి కోసం కట్టాలనే ఉంటే తాడు మెడకి కాకుండా పట్టీకే చుట్టండి.

ఇనప గొలుసు బరువుకి మెడ వంగుతుంది, కొరికితే పళ్ళు అరుగుతాయి. గజ్జెల పట్టీలో మువ్వ ఊడి గొంతులో పడొచ్చు. తాడు తేలికగా ఉండాలి, కొక్కెం పిల్ల దవడకి తగిలేంత పెద్దది కాకూడదు. బిళ్ళ మీద పిల్ల పేరు కన్నా ఫోన్ నంబరు పెద్దగా చెక్కించండి.

7. ఒకటికీ రెంటికీ

రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకి మించి ఆపుకోలేదు. నిద్ర లేవగానే, తిన్న పది నిమిషాలకి, ఆడిన వెంటనే పత్రికల మీదికి ఎత్తుకెళ్ళండి. పది పన్నెండు కాగితాలు దళసరిగా పరిచి, తడిసిన పై వరస తీసేసి అడుగున కొద్దిగా వాసన ఉన్న కాగితం ఒకటి ఉంచితే మళ్ళీ అక్కడికే వస్తుంది. అట్టపెట్టెల్లో వచ్చే ఖరీదైన ప్యాడ్లు ప్రయాణానికి పనికొస్తాయి, ఇంట్లో పత్రిక చాలు.

వేరేచోట పోస్తే ముందు పొడిగుడ్డతో అద్దండి, తర్వాత వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి తుడవండి. ఫినాయిలు వాసనని కప్పుతుందే గానీ తీసేయదు, పైగా కాళ్ళకి అంటింది పిల్ల నాకుతుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్ వాడితే పిల్ల ముక్కుకి అది ఇంకో కుక్క ఉచ్చలాగే ఉంటుంది, అక్కడే మళ్ళీ పోస్తుంది.

8. నమిలే వస్తువులు

మూడున్నర నెలల నుంచి ఆరు నెలలదాకా పాలపళ్ళు ఊడి 42 కొత్తవి వస్తాయి, చిగుళ్ళు దురద పెడతాయి. రెండు రబ్బరు వస్తువులు చాలు, ఒకటి ఇచ్చి ఒకటి దాచి మూడు రోజులకోసారి మార్చండి.

కొట్లోనే రెండు పరీక్షలు చేయండి. వస్తువు పిల్ల నోట్లో పూర్తిగా పట్టకూడదు. బొటనవేలి గోటితో నొక్కితే కొద్దిగా లోపలికి పోవాలి. పోకపోతే పళ్ళు విరిగేంత గట్టి. కళ్ళు, గుండీలు, ఈలలు ఉన్న బొమ్మలు వద్దు, పిల్ల వాటిని ఊడదీసి మింగుతుంది. బొమికలా చుట్టి అమ్మే తోలు ముక్కలు నీరు పట్టి కడుపులో ఉబ్బుతాయి, వద్దు. చేతిలో ఏమీ లేకపోతే పాత నూలు తువాలు తడిపి ముడేసి ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి ఇవ్వండి. దారాలు ఊడటం మొదలవగానే పారేయండి. పాత చెప్పు మాత్రం ఇవ్వకండి. పాతదానికీ కొత్తదానికీ తేడా దానికి తెలీదు.

9. స్నానం

వచ్చిన రోజే స్నానం చేయించకండి. పది రోజులు ఆగండి, మురికైతే తడిగుడ్డతో తుడవండి. మన షాంపూ, సబ్బు కుక్క చర్మానికి పడవు, కుక్కపిల్లల షాంపూ వేరే కొనాలి. గోళ్ళు తీసేటప్పుడు రక్తమొస్తే మొక్కజొన్న పిండి చిటికెడు అద్ది రెండు నిమిషాలు నొక్కి పట్టండి.

పిడుదులు కనబడితే ఆవులకీ గేదెలకీ వాడే మందు చల్లకండి. "కొంచెమే కలిపాం" అన్నా పిల్లకి వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. వయసూ బరువూ చెప్పి డాక్టరు రాసిందే వాడండి. ఒకటీ రెండూ ఉంటే ట్వీజరుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగి, సబ్బు నీళ్ళ సీసాలో వేయండి. చేత్తో నలపొద్దు.

10. మందుల డబ్బా

థర్మామీటరు పిల్లకి వేరేగా ఉండాలి. కొనకి కొద్దిగా వ్యాజిలిన్ రాసి మలద్వారంలో రెండు సెంటీమీటర్లు పెట్టి చూడాలి. 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలు. మన లెక్కలో అది జ్వరం, వాటి లెక్కలో కాదు. 103.5 దాటినా, 99 కన్నా తగ్గినా డాక్టరుకి ఫోన్ చేయండి. ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అన్నది జ్వరానికి కొలత కాదు.

పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటి మన మాత్రలు సగం ముక్క కూడా వేయొద్దు.

పిల్ల మిమ్మల్ని గానీ ఇంట్లో పిల్లల్ని గానీ కొరికినా, పన్ను గీరుకున్నా సబ్బుతో ధారగా నీళ్ళకింద పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు ఆసుపత్రిలో చూపించండి. మనది చిన్నపిల్లే కదా అనుకోవద్దు, రేబిస్ టీకా పడని పిల్ల ఎంత చిన్నదైనా ఒకటే.

11. డాక్టరు, టీకాలు

పిల్ల రాకముందే డాక్టరు ఎవరో తేల్చుకోండి. మీ ఊరి పశువుల ఆసుపత్రిలో కుక్కల టీకా ఉంటుందా, ఏ రోజు వేస్తారు, సెలవు రోజున ఎవరికి ఫోన్ చేయాలి, ఈ మూడూ అడిగి గోడమీద రాసి పెట్టండి.

మామూలు వరస ఇది: ఆరు నుంచి ఎనిమిది వారాలకి డిస్టెంపర్ (కుక్కలకి వచ్చే ఇంకో వైరస్ జబ్బు), పార్వో రెంటికీ కలిసిన మొదటి టీకా, మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాలు నిండేదాకా మళ్ళీ మళ్ళీ. మూడు నెలలు నిండాక రేబిస్. ఒక్క డోసుతో సరిపెట్టడం వల్లే పార్వోకి ఎన్నో పిల్లలు పోతున్నాయి. తల్లినుంచి వచ్చిన రక్షణ తొలి డోసుని పనిచేయనివ్వకపోవచ్చు, అందుకే చివరి డోసు పదహారు వారాలకి పడాలి. నట్టల (కడుపులో పురుగుల) మందు బరువుని బట్టి, మూడు నెలలదాకా పదిహేను రోజులకోసారి, ఆరు నెలలదాకా నెలకోసారి.

"టీకా వేశాం" అన్న మాట చాలదు. కార్డు మీద మందు సీసా స్టిక్కరు, బ్యాచ్ నంబరు, తేదీ, డాక్టరు సంతకం, ముద్ర చూడండి. స్టిక్కరు లేకపోతే వేయలేదనే లెక్కేసి మీ డాక్టరుకి చెప్పండి.

కొండ ఊళ్ళవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. పెద్ద ఊళ్ళో టీకా సీసా కొని, క్యారీబ్యాగులో వేసుకుని, బస్సులో మూడు గంటలు తెచ్చి, ఇక్కడ వేయిస్తుంటారు. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. బస్సు వేడికి పాడైతే రంగూ వాసనా మారదు, చూసి పోల్చుకోలేం. పనిచేయదు, అంతే. తేవాల్సి వస్తే థర్మాస్ లేదా చిన్న ఐస్ పెట్టెలో, ఐస్ ప్యాక్‌ని గుడ్డలో చుట్టి, సీసా ఐస్‌కి నేరుగా తగలకుండా పెట్టండి. గడ్డకట్టినా చెడుతుంది. అంతకన్నా మంచి దారి, పిల్లనే టీకా ఉన్నచోటికి తీసుకెళ్ళడం.

12. తెచ్చే రోజు సంచి

సాలూరు నుంచి కోరాపుట్ ఘాటీ ఎక్కుతుంటే పెద్ద కుక్కలకే కడుపు తిప్పుతుంది. బయల్దేరే ముందు మూడు గంటలు తిండి పెట్టొద్దని అమ్మేవాళ్ళకి ముందే చెప్పండి, నీళ్ళు ఇవ్వొచ్చు. సంచిలో పాత తువాళ్ళు రెండు, పత్రికలు, నీళ్ళ సీసా, చిన్న గిన్నె, తల్లి గుడ్డ, టీకా కార్డు, ప్లాస్టిక్ సంచులు నాలుగు. గాలి ఆడే బుట్టలో పెట్టి వెనకసీటు కింద ఉంచండి, ఒడిలో వద్దు. దారిలో టీ కొట్టు దగ్గర, పెట్రోలు బంకు దగ్గర నేలమీద దించకండి. ఊరకుక్కలు తిరిగే చోటే పార్వో ఉంటుంది. కారు ఎండలో ఆపి పిల్లని లోపల వదలడం పది నిమిషాలైనా వద్దు.

సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడం

వచ్చిన మర్నాడు ఉదయం మీరు తూకం మీద నిలబడి, తర్వాత పిల్లని ఎత్తుకుని నిలబడండి. తేడా రాసుకోండి. తర్వాత ప్రతి ఆదివారం. బరువు వారం వారం పెరగాలి. ఒక్క వారం పెరగకపోయినా తిండి కొలత, నట్టల మందు రెండూ సరిచూడండి.

విరేచనం గట్టిగా, ఎత్తితే ముద్దగా వస్తే తిండి కొలత సరి. మొదటి భాగం గట్టిగా, చివర జారుడుగా ఉంటే ఎక్కువ పెడుతున్నారు, పదోవంతు తగ్గించండి. వేళ్ళతో పక్కటెముకలు తడిమితే తెలియాలి, కంటికి కనబడకూడదు. పొట్ట డోలులా ఉండి ఎముకలు తేలితే అది బలం కాదు, నట్టలు.

పడక సరైనదైతే మూడో రాత్రికి తనంతట తాను వెళ్ళి పడుకుంటుంది. పక్కన ఉట్టి నేలమీద పడుకుంటోందంటే వేడెక్కువ, ఒక మడత తీయండి. మూలకి ముడుచుకుంటే చలి. మొదటి రెండు మూడు రాత్రులు ఏడుస్తుంది. బోను మీ మంచం పక్కకి జరిపి, తల్లి గుడ్డ లోపల పెట్టి, చెయ్యి కిందికి వేలాడేస్తే చాలు. దూరంగా వరండాలో పెట్టి "అదే అలవాటవుతుంది" అనుకోకండి. భయం తగ్గదు, గొంతు పెరుగుతుంది.

తిండి మానేసి, నీరసంగా పడుకుని, వాంతులు మొదలై, విరేచనంలో రక్తంతో పాటు చెడ్డ నీచు వాసన వస్తే అది పార్వో అనే అనుకోండి. తెల్లారేదాకా ఆగొద్దు. గంటల్లోనే ఒంట్లో నీరు పోతుంది. ఇంట్లో మందులు వెతక్కుండా డాక్టరుకి ఫోన్ కొట్టి బండి తీయండి, తేవడానికి సర్దిన సంచి అలాగే తగిలించి ఉంచితే తువాళ్ళు, పత్రికలు, టీకా కార్డు అందులోనే ఉంటాయి.